ఈ జాలీ అసలుదేనా?

మేముండే సర్కారు క్వార్టర్లు స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో కట్టినవి. ఎత్తయిన కప్పులు, గోడల మీద పాకే వైర్లు, వానొస్తే చెమ్మగిల్లే బాత్రూము. ఢిల్లీలో ఇలాంటి పాత కాలనీలు ఒక్కొక్కటీ కూల్చేసి టవర్లు లేపుతుంటే, మా వంతు ఎప్పుడొస్తుందోనని బిక్కుబిక్కుమంటూ ఉండేవాళ్లం. చివరికి మంచి కబురే వచ్చింది. మా కాలనీని కూల్చరట! ఆ కాలపు కట్టడాలకు గుర్తుగా ఉంచుతారట. భూకంపం వచ్చినా తట్టుకునేలా గోడలు గట్టిచేసి, పైపులూ వైర్లూ మార్చి, మమ్మల్ని అందులోనే ఉండనిస్తారట. ఆ సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ వేడివేడి జిలేబీ పట్టుకొచ్చాను.

ఆ సంబరం కాస్తా కుర్ర ఇంజనీరు కొలతలకు వచ్చేదాకానే. వెనక వరండాలో మాకూ పక్కింటికీ మధ్య ఉన్నది నిండు గోడ కాదు. ఇటుకల మధ్య సందులు వదిలి పేర్చిన తెర. ఇక్కడ దాన్ని జాలీ అంటారు. ఇంజనీరు దాన్ని వేళ్లతో తట్టి చూసి తల అడ్డంగా ఊపాడు.

"మేడమ్, యే జాలీ హటేగీ. యహాఁ కాంక్రీట్ కీ దీవార్ ఆయేగీ."

అది తీసేసి కాంక్రీటు గోడ కడతారట. పీట మీద కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తున్న మా అత్తగారు తలెత్తారు. "ఏంటమ్మాయ్, జాలి తీసేస్తాడంటా? ఎవరి మీద?"

"మన మీదేనండీ అత్తయ్యగారూ" అన్నాను. నవ్వుతూనే అన్నాను గానీ, ఆ గోడ వస్తే ఏం పోతుందో నాకు తెలుసు.

మా అత్తగారిది కోనసీమ. ఇక్కడికొచ్చి ఇన్నేళ్లయినా హిందీ ముక్క మాట్లాడరు. రాదని కాదు, పలకరు. "నా తెలుగుకే నోరు చాలట్లేదు, ఇంకో భాషెందుకే నాకు" అంటారు. జాలీకి అవతల ఉండేది ఒక పంజాబీ ఆంటీ. ఈవిడ ఈడే. ఆవిడకు తెలుగు వాసన కూడా తెలియదు. రోజూ భోజనాలయ్యాక మా అత్తగారు పీట లాక్కుని జాలీ దగ్గర కూర్చుని "ఉన్నారా?" అంటారు. అటునుంచి "హాఁ జీ, హూఁ!" అని వస్తుంది, ఉన్నానండీ అని. ఇంక చూసుకోండి, ఈవిడ గోదావరి తెలుగు, ఆవిడ పంజాబీ కలిసిన హిందీ, సాయంత్రం టీ వేళ దాకా ఒకటే ముచ్చట్లు. ఇటుకల సందుల్లోంచి ఇటునుంచి కరివేపాకు రెమ్మలు, అటునుంచి కమలా తొనలు.

"ఒకరి మాట ఒకరికి ఎలా అర్థమవుతుందండీ?" అని ఒకసారి అడిగాను.

"అర్థం కాకపోవడానికేముందే, ఆవిడ కోడలూ నీలాంటిదే" అని నా మొహం మీదే నవ్వేశారు.

ఇద్దరి వాకిళ్లూ వేరే వేరే మెట్ల దారుల్లో ఉన్నాయి. ఒకరింటికి ఒకరు వెళ్లాలంటే రెండంతస్తులు దిగి, చుట్టు తిరిగి, మళ్లీ రెండంతస్తులెక్కాలి. ఇద్దరికీ మోకాళ్లు మొరాయిస్తాయి. ఆ జాలీ మూసేస్తే ఆ స్నేహం అక్కడితో సరి.

కాలనీ వాళ్లకు ప్లాన్లు చూపించే మీటింగు పెడితే సెలవు పెట్టి మరీ వెళ్లాను. పాత కట్టడాల అందం చెడకుండా చూడ్డానికి ఒక ఆర్కిటెక్టమ్మాయిని వేశారు. హమ్మయ్య, మన పక్షం మనిషే అనుకున్నాను. ఆ పిల్లేమో, "ముందువైపు జాలీల్లో ఒక్క ఇటుక కూడా కదపం ఆంటీ. రోడ్డు మీంచి కనబడేవి అవే కదా. వెనక వరండా లోపలివి ఎవరికీ కనబడవు" అంది హిందీలో.

నాకు ఒళ్లు మండిపోయింది. "రోడ్డు మీద పోయేవాళ్లు ఈ ఇంట్లో ఉండరు బేటా, మేముంటాం" అన్నాను. ఇంజనీరు అందుకుని, భూకంపం వస్తే ముందు పడేది ఆ తెరేనన్నాడు. అదీ నిజమే. కిందటిసారి ఫ్యాన్లు ఊగినప్పుడు నైటీ మీదే మెట్లు దిగి పరిగెత్తిన మహాతల్లిని నేనే. అందుకే వాదన మాని, "ఒక్క మధ్యాహ్నం మా ఇంటికి రండి, చూశాక మీ ఇష్టం" అన్నాను.

శనివారం ఇద్దరూ వచ్చారు. ఎవరొస్తే నాకేం అన్నట్టు మా అత్తగారు పీట మీద కూర్చుని కబుర్లలో ఉన్నారు. ఆర్కిటెక్టమ్మాయి ఇటుకల మీద చెయ్యి వేసి నిమిరింది. మొదట్లో కట్టినదేనా, మధ్యలో ఎవరైనా మార్చారా అని ఆమె అనుమానం.

"యే జాలీ అసలీ హై?" అని అడిగింది.

మా అత్తగారి చెవికి రెండు మాటలూ తెలుగులోనే వినబడ్డాయి. ఠక్కున నడుం నిటారుగా పెట్టారు.

"అసలైనదేనమ్మా! ఆవిడకీ మోకాళ్లు నొప్పే, నాకూ నొప్పే. ఆవిడకి నా మీద జాలి, నాకు ఆవిడ మీద జాలి. ఇందులో దొంగదేముందమ్మా?"

దీన్ని హిందీలో చెప్పడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. హిందీలో జాలీ అంటే దొంగదనే అర్థం కూడా ఉందాయె! ఏదో తంటాలు పడి చెప్పాను. ఆ పిల్ల ఫక్కున నవ్వింది. ఈలోగా అటునుంచి "కౌన్ ఆయా హై జీ?" అని ఎవరొచ్చారో అడుగుతూ సందులోంచి ఒక ముడతల చెయ్యి కమలా తొన పట్టుకుని ఇటొచ్చింది. ఆ పిల్ల తొన అందుకుంది గానీ వెంటనే తినలేదు. కాసేపు ఆ చేతినే చూసింది. తరవాత మా అత్తగారి పక్కన నేల మీద చతికిలబడి టేపు తీసింది.

"కూర్చుంటే కళ్లకు సరిగ్గా ఎదురొచ్చే ఎత్తు ఇది. ఇక్కడ జాలీ ఉండాలి" అంది ఇంజనీరుతో.

అతను బుర్ర గోక్కుని "దేఖ్‌తే హైఁ" అన్నాడు. 'చూద్దాం' అనే ఆ మాట మా ఆఫీసులో రోజూ వినేదే కనుక నేను ఆశ వదులుకున్నాను. కానీ అతను నిజంగానే చూశాడు. రెండు పక్కలా, పైనా బలమైన కాంక్రీటు పట్టీలు, మధ్యలో కిటికీ అంత జాలీ. అదీ పాత ఇటుకలతోనే, మధ్యలో సన్నటి ఇనుప చువ్వలు వేసి. నేను మొత్తం అడిగితే దక్కింది అంత. భూకంపం వస్తే ఈ గోడ పడదని అతను గట్టిగా చెప్పాడు. నాకూ అది కావలసిందే.

పని జరిగినన్నాళ్లూ మధ్యలో ప్లైవుడ్ చెక్క నిలబెట్టారు. ఆ రొదలో మాట వినబడేది కాదు. మా అత్తగారు పీట మాత్రం అక్కడే వేసుకుని, గరిటతో చెక్క మీద రెండుసార్లు కొట్టేవారు. అటునుంచీ రెండు దెబ్బలు వినబడేవి. అంతే, లేచి వచ్చేసేవారు. ఆ కబుర్లన్నీ నా నెత్తిన పడ్డాయి. కోడళ్ల మీద చెప్పే చాడీలు కూడా కోడలికే! ఇన్నాళ్లూ ఆ జాలీ నన్ను కూడా కాపాడిందని అప్పుడు తెలిసొచ్చింది.

చెక్క తీసేసిన రోజు వరండా అంతా తడి సిమెంటు వాసన. భోజనం సగంలోనే చెయ్యి కడిగేసుకుని మా అత్తగారు పీట లాక్కున్నారు. ఇంకా నోరు విప్పలేదు, సందులోంచి పంజాబీ ఆంటీ గొంతు వచ్చింది.

"ఉన్నారా?"

అచ్చం ఈవిడ యాసలోనే. మా అత్తగారు నా వంక చూశారు. ఆవిడ గొంతు సవరించుకుని జాలీ వైపు వంగారు.

"హాఁ జీ" అన్నారు. "హూఁ."

ఢిల్లీ వచ్చాక ఆవిడ నోట నేను విన్న మొదటి హిందీ అదే.