కోట అధికారి ఇల్లాలు

ఒమాన్ దేశంలోని బౌషర్‌లో నేను పనిచేసే ఇంట్లో ఒక ముసలి ఇంగ్లీషావిడ ఉంటుంది. మా యజమానురాలి తల్లి. ఒమానీ డాక్టరును పెళ్లి చేసుకుని వచ్చి, ఇక్కడే చరిత్ర పాఠాలు చెప్పి, ఆయన పోయాక కూతురింటికి చేరింది. చూపు దాదాపు పోయింది. రాజోలు దగ్గర ప్రైవేటు స్కూల్లో నేను ఇంగ్లీషు చెప్పేదాన్నని ఏజెంటు చెప్పబట్టే నన్ను తెచ్చుకున్నారు. పొద్దున్నంతా వంట, ఇంటి పని. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడ గదిలో కూర్చుని పుస్తకాలు చదివి వినిపించాలి, ఆవిడ చెప్పింది రాయాలి. ఇంట్లో పిల్లల్లాగే నేనూ ఆవిణ్ణి గ్రానీ అంటాను. యజమానురాలిని ఇక్కడి పనివాళ్లందరిలాగే మామా అంటాను.

గ్రానీ ఏళ్ల తరబడి ఒకే మనిషి జీవితం రాస్తోంది. ఎనిమిది వందల ఏళ్ల కిందటి ఇంగ్లండు రాజు సరిహద్దులోని ఒక కోటను అతనికి అప్పగించాడు. పన్నులు వసూలు చెయ్యాలి, ఖైదీల్ని కాయాలి, రాజు వస్తే గుర్రాలకు మేతతో సహా అన్నీ అమర్చాలి. పెద్ద వంశంవాడు కాదు, రాజు దయతో పైకొచ్చినవాడు. రాజుకు అతని మీద నమ్మకం ఎంతో అనుమానమూ అంతే. అందుకని అతని పెద్దకొడుకును చిన్నప్పుడే తన దగ్గరికి తెప్పించుకున్నాడు. చదువు చెప్పిస్తానన్నాడు. తల్లి ఆ పిల్లవాణ్ణి చూడాలంటే రాజు అనుమతి కావాలి. రాజు ఎప్పుడు చూసినా ఏదో యుద్ధంలో ఉండేవాడు.

ఆ అధికారి పేరు నాకు నోరు తిరిగేది కాదు. మనసులో కోటాయన అనుకునేదాన్ని. భార్య కోటమ్మ.

మా ఆయన పోయాక కూతుర్ని చెల్లెలి దగ్గర వదిలి వచ్చాను. అప్పటికి అది ఒకటో తరగతి. రెండేళ్లకోసారి సెలవన్నారు. మొదటి సెలవుకి గ్రానీకి జబ్బు చేసింది. తర్వాత ఇంట్లో పెళ్లి వచ్చింది. ఆ తర్వాత నా బదులు ఎవరూ దొరకలేదు. పాస్‌పోర్టు మామా బీరువాలో ఉండేది. వాళ్లు చెడ్డవాళ్లు కారు. చెయ్యి చేసుకోలేదు, తిట్టలేదు, జీతం ఆపలేదు. అదే నాకు వచ్చిన చిక్కు. ఎదురింట్లో పనిచేసే కడప ఆమెతో చెప్పుకుంటే, “నీకేమ్మే, శుక్రవారం బయటికన్నా పంపిస్తాండారు. నన్ను గేటు దాటనీరు,” అంది. ఇంక నోరెత్తడానికి ఏముంది?

ఒకరోజు చెల్లెలు ఫోన్ చేసింది. “అక్కా, పిల్ల పెద్దమనిషైందే. ఆదివారం ఫంక్షన్. ఈసారైనా వత్తావా?”

మామాను అడిగాను. “అమ్మను ఎవరు చూస్తారు? ఈద్ అయ్యాక చూద్దాం,” అంది.

ఫంక్షన్‌ను ఫోన్‌లో చూశాను. లంగా ఓణీలో నా కూతురు తల వంచుకుని కూర్చుంది. నేను కూర్చోవలసిన చోట చెల్లెలు కూర్చుంది. ఎవరో అక్షింతలు వేస్తున్నారు. ఇంతలో మామా పిలిచింది, ఫోన్ పెట్టేశాను.

మర్నాడు గ్రానీకి ఆవిడ రాసిన అధ్యాయమే తిరిగి చదువుతున్నాను. కోటాయన కొడుకు పెద్దవాడై ఇంటికొచ్చే ఘట్టం. “తల్లి సంతోషానికి హద్దు లేకపోయింది” అన్న వాక్యం దగ్గర చదవడం ఆపేశాను.

“పేజీ అయిపోయిందా?” అంది గ్రానీ.

“లేదు.” ఫంక్షన్ సంగతి చెప్పాను.

“మరి వెళ్లలేదేం?”

“మిమ్మల్ని చూసుకునేవాళ్లు లేరని పంపలేదు.”

“నీకే వెళ్లాలని లేదని చెప్పింది నా కూతురు,” అంది గ్రానీ.

ఆ శుక్రవారం అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు గ్రానీ అడిగింది. “ఈ అమ్మాయి పాస్‌పోర్టు ఎక్కడుంది?”

“నా దగ్గర భద్రంగా ఉందమ్మా.”

“ఎవరి భద్రత కోసం?”

మామా ముఖం ఎర్రబడింది. “నీకు స్నానం ఎవరు చేయిస్తారు మరి?”

“నువ్వు. నా కూతురివి కదా.”

మామా అన్నం వదిలేసి లేచిపోయింది. కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. ఒక పొద్దున ఉల్లిపాయలు తరుగుతుంటే గట్టు మీద పాస్‌పోర్టు పెట్టి, “ఒక్క నెల,” అని వెళ్లిపోయింది. చేతులు తుడుచుకుని దాన్ని తెరిచాను. అందులో ఫొటో నాదే, కానీ మనిషి చాలా చిన్నది.

రాజమండ్రి ఎయిర్‌పోర్టులో నా కూతురు చెల్లెలి వెనక నిలబడింది. నన్ను ‘మీరు’ అంది. పడుకోవడం పిన్ని పక్కనే. నేను తెచ్చిన గౌను భుజాల దగ్గర బిగుతైంది. పర్వాలేదని ఒద్దికగా మడిచి పెట్టేసింది. పది రోజులు పోయాక తలంటుతుంటే అడిగింది.

“మళ్లీ వెళ్లిపోతావా?”

‘నువ్వు’ అన్నందుకే నాకు ప్రాణం లేచొచ్చింది. “వెళ్లాలమ్మా. నీ చదువుంది కదా.”

“అయితే నాకు అలవాటవకు,” అంది, కళ్లు మూసుకునే.

తిరిగొచ్చినప్పుడు మామాయే గేటు తీసింది. నెలంతా తల్లిని లేవదీసి మణికట్టుకు పట్టీ కట్టుకుంది. “బాగున్నావా?” అని మాత్రం అడిగి, నా పెట్టె తనే లోపలికి లాగింది. పాస్‌పోర్టు మాట ఎత్తలేదు, అది నా పెట్టెలోనే ఉండిపోయింది.

గ్రానీ నా కూతురి గురించి అడిగింది. తలంటు సంగతి చెప్పాను. “ఆ సంతోషం అన్న వాక్యం కొట్టెయ్యి,” అంది. “నేను ఊహించి రాశాను. వాళ్లు ఎలా కలుసుకున్నారో ఎవరికీ తెలియదు.”

కొట్టేశాను. ఆ పక్క వారం చివరి అధ్యాయం మొదలుపెట్టాం. ముసలితనంలో కోటాయన తనను వదిలిపెట్టమని రాజుకు మొర పెట్టుకున్నాడు. భార్యతో సొంత పొలానికి వెళ్లి బతుకుతానన్నాడు. నీ అంత నమ్మకస్తుడు దొరికేదాకా ఉండమన్నాడు రాజు. ఆ తర్వాత ఎవరినీ వెతకలేదు. మొగుడూ పెళ్లామూ ఆ కోటలోనే పోయారు.

“ఇది ఊహ కాదు,” అంది గ్రానీ.

“తెలుసు గ్రానీ,” అన్నాను. కింద మామా పిల్లలకి పాలు కలపమని పిలుస్తోంది. కలం మూత పెట్టి వెళ్లాను.