చక్కెర బిళ్లల్లో పన్నెండేళ్ల చదువు

కరోనా సద్దుమణిగి దుబాయ్ విమానాలు మళ్లీ నిండుగా ఎగురుతున్న ఆ రోజుల్లో, నా చదువంటే నాకు మహా గౌరవం. (ఇంకెవరికీ లేదు కాబట్టి ఆ బాధ్యత నేనొక్కణ్నే మోసేవాణ్ని.) ఇంటర్ ఒకేషనల్, ఆఫీస్ అసిస్టెంట్ కోర్సు. టైపు కొట్టడం, ఫైళ్లకు ట్యాగులు కట్టడం వచ్చు. అంత చదివీ దుబాయ్‌లోని అల్ ఖూజ్‌లో ఒక ఫర్నిచర్ వర్క్‌షాపు బయట, మాడు పగిలే ఎండలో ప్లైవుడ్ మోస్తున్నాను. లోపల నీడలో, కూలర్ గాలిలో, కోత మిషన్ మీద ఒక ఖాళీ ఉందని తెలిసినప్పటి నుంచి నా ప్రాణమంతా అక్కడే.

మా ముదీర్, అంటే మేనేజరు, టర్కీ మనిషి. పెద్ద మీసాలు, పెద్ద గొంతు, కూలీల క్యాంపులో నేర్చిన హిందీ. ఒకరోజు టీ వేళ నన్ను పిలిచి, "ఎంతవరకు చదివావ్?" అని అడిగాడు. "పన్నెండేళ్లు సార్" అన్నాను ఛాతీ విరిచి. ఆయన మొహం వెలిగిపోయింది. "మా దేశంలోనూ పన్నెండే! అందరూ చదవాల్సిందే, పుస్తకాలు సర్కారే ఇస్తుంది" అంటూ టేబుల్ మీద చక్కెర బిళ్లలు పేర్చడం మొదలుపెట్టాడు. నాలుగు బిళ్లలు చిన్న బడి. ఇంకో నాలుగు నడిమి బడి. అది దాటాక పెద్ద పరీక్ష. ఆఖరి నాలుగేళ్లను మాత్రం మూడు చోట్ల పేర్చాడు. "ఇది మామూలు హైస్కూలు, ఇది మతం చదువు, ఇది పని నేర్పే బడి. నేను ఈ బడివాణ్ని. మరి నువ్వు?"

నేను నిజాయితీగా పని నేర్పే బడి మీదే వేలు పెట్టాను. మాది అదే కదా మరి! "మాషల్లా!" అని లేచి నన్ను కౌగిలించుకున్నాడు. (వాళ్ల దగ్గర ఆ బడి పిల్లలు ఆఖరి సంవత్సరం వారంలో మూడు రోజులు కార్ఖానాల్లోనే పనిచేస్తారట. నాకేం తెలుసు? మా కాలేజీలో కార్ఖానా అంటే టైపు మిషన్లున్న గది, దానికీ తాళం.) బిళ్లలు రెండు తన టీలో వేసుకుని, "రేపు ఒక స్టూలు చేసి చూపించు. బాగుంటే మిషన్ నీదే" అన్నాడు.

నా గదిలో ఉండే మంథని మామ తల పట్టుకున్నాడు. "ఓరి నీ! ఎన్నడన్న మేకు కొట్టినవారా?" "లే మామా." "మరి రంపం?" "ఫొటోల చూసిన." "ఇగ ఖలాస్. ఎండల్నే సస్తవ్ పో."

మర్నాడు స్టూలైతే చేశాను. నాలుగు కాళ్లకూ ఒకదానితో ఒకదానికి పడలేదు. పొడుగు కాలు కోస్తే పక్కది పొడుగవుతోంది. కోసి కోసి చివరికి అది మా అమ్మ కూరగాయలు తరిగే పీటంత అయింది. ముదీర్ వచ్చి దాని మీద కూర్చున్నాడు. మోకాళ్లు మీసాలదాకా వచ్చాయి. ఓ పక్కకు ఒరిగి, "మీ బడిలో ఏం నేర్పారు నీకు?" అన్నాడు. "ఫైళ్లకు... ట్యాగులు కట్టడం సార్." నాకు ఏడుపొచ్చేసింది. మళ్లీ ప్లైవుడ్డే అనుకున్నాను. ఆయన నన్నే చూసి చూసి, కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వాడు. తర్వాత జేబులోంచి ఒక చక్కెర బిళ్ల తీసి నా చేతిలో పెట్టాడు. "ఇది మొదటి సంవత్సరం. యల్లా, రంపం పట్టు."

ఇప్పుడు ఆ మిషన్ నాదే. ముదీర్ తన ఊరెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ, ఎంత వద్దన్నా వినకుండా, ఆ పీటను కూడా సామానులో కట్టుకుపోయాడు. టర్కీలో ఏ ఇంట్లోనో అది ఇంకా ఒరుగుతూనే ఉండుంటుంది. టీలో చక్కెర వేసుకున్నప్పుడల్లా, ఛాతీ విరిచి "పన్నెండేళ్లు సార్" అన్న ఆ పిల్లగాడు గుర్తొస్తాడు. పాపం, వాడప్పటికి ఇంకా బళ్లో చేరనే లేదు.