మామకు వినపడని బెల్లు

షిఫ్టుల ఊళ్ళో మగవాళ్ళందరూ ఒకేసారి ఇంట్లో ఉండటమనే వింతను నేను నా జన్మలో ఒక్కసారే చూశాను. తెలంగాణ కోసం బొగ్గు గనులన్నీ బంద్ పెట్టిన రోజులవి. పొద్దున టెంటు కింద కూర్చుని గొంతు పోయేదాకా నినాదాలిచ్చేవారు, మధ్యాహ్నం అన్నాలకు ఇంటికి చేరేవారు. ఇక మా సెంటినరీ కాలనీలో ఏ క్వార్టర్ తలుపు తోసినా ఒక చాప, దాని మీద నలుగురు, నలుగురి చేతుల్లో పేక పత్తాలు. నాకప్పటికి పెళ్ళై ఆరు నెలలు. కరీంనగర్‌లో బీఎడ్ సీటు వచ్చింది, ఏడాది హాస్టల్లో ఉండాలి. మా ఆయన సరేనన్నాడు. అత్తమ్మ "మీ మామనడుగు" అంది. మామేమో, ఎప్పుడు అడిగినా చెవి దగ్గర చెయ్యి పెట్టి "ఆఁ? ఏందీ?" అనేవారు. (గనిలో బొగ్గు టబ్బులను తాడుతో లాగే ఇంజను నడిపీ నడిపీ ఆయన చెవులు సగం పోయాయి. మిగతా సగం ఆయన ఇష్టం.)

ఒకరోజు నేను పట్టు వదలకుండా అరిచి మరీ అడిగేసరికి, చేతిలో పత్తాలు కలుపుతూ అన్నారు: "గీ ఆటల నన్ను ఒక్కపారి గెలువు బిడ్డా. తెల్లారే బట్టలు సదురుకో." అత్తమ్మ ఫక్కున నవ్వింది. మామను గెలిచిన మనిషి ఆ కాలనీలో ఇంకా పుట్టలేదట. మా పుట్టింట్లో, జైపూర్‌లో, పత్తాలు ముట్టుకుంటే మా అవ్వ వీపు పగలగొట్టేది, అలాంటి ఇంటి నుంచి వచ్చినదాన్ని నేను. అయినా "సరే మామా" అనేశాను.

ఆ రోజే మా ఆయన నాకు పాఠం చెప్పాడు. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జట్టు: మేమిద్దరం ఒకటి, మామా అత్తమ్మా ఒకటి. తలా పదమూడు పత్తాలు. ఒకరు వేసిన రంగే అందరూ వెయ్యాలి, నాలుగింట్లో పెద్దది ఎవరిదైతే ఆ పట్టు వాళ్ళది. ఆటకు ముందు పాట ఉంటుంది: మా జట్టు ఇన్ని పట్లు పడుతుందని ఏడు నుంచి పైకి పాడుకుంటూ పోవాలి. ఎక్కువ పాడినవాళ్ళు తురుపు, అంటే మిగతావాటిని కొట్టే రంగు, చెప్తారు. పాడినన్ని పట్టారా గెలిచినట్టు, ఒక్కటి తగ్గినా మునిగినట్టు. "అంతేనా!" అన్నాను. (ఆ మాటన్న నా మొహాన్ని ఇప్పుడు తలుచుకుంటే నాకే జాలేస్తుంది.) మొదటి రోజే చేతిలో ముగ్గురు రాణులున్నారని మురిసిపోయి పదకొండు పాడి, నాలుగు పట్టాను. "ఆడోళ్ళ రాజ్జెం అనుకున్నవా?" అంది అత్తమ్మ.

వారం రోజులు ఓడాక, గనిలో ఎలక్ట్రీషియనైన మా ఆయన బుర్రలో బల్బు వెలిగింది. గనిలో ఇంజనుకు బెల్లు కొట్టి కబురు చెప్తారు కదా, అలాగే వేలి కణుపుతో నేల మీద కొడతానన్నాడు. ఒకటి కొడితే ఆపు, పాట పెంచకు. రెండు కొడితే పోనియ్, పెంచు. "బాపుకు వినపడదు తియ్" అన్నాడు ధీమాగా. ఆ ధీమాతో ఇంకో వారం ఓడాం. ఆయన ఒకటి కొడితే మామ మమ్మల్ని ఊరించి పైకి లాగేవారు, రెండు కొడితే చల్లగా తప్పుకుని మమ్మల్ని ముంచేవారు. నా జాతకమే బాగా లేదనుకున్నాను.

చివరికి సమ్మె ముగుస్తుందని టీవీలో వచ్చింది. తెల్లారితే డ్యూటీలు, ఆటలు బంద్. నాకు మిగిలింది ఒకే ఒక్క ఆట. మా ఆయన నేల మీద టక్కుమని ఒకటి కొట్టాడు. అప్పుడే పాట పాడబోతున్న మామ నోరు తెరిచింది తెరిచినట్టే ఆగిపోయింది, ఆయన కుడి చెయ్యి, అక్కడ లేని ఇంజను బ్రేకును పట్టి గట్టిగా వెనక్కి లాగింది! అందరం ఆయన చేతినే చూస్తున్నాం.

"వారం సంది కొడుతున్నరు," అన్నారు మామ తాపీగా, చెయ్యి దించుకుంటూ. "బెల్లు నాకు చెవులతోని కాదురా, కూసున్న కాడ నేల నుంచి తెలుస్తది. లేకుంటే గిన్నేండ్లు గని నడుస్తుండెనా? నువ్వు మంచమెక్కు. కాళ్ళు కింద పెట్టినవా, ఊకోను."

మా ఆయన మంచం మీద బాసింపట్టు వేసుకుని, చదువురాని పిల్లాడిలా పత్తాలు పట్టుకున్నాడు. పాట మళ్ళీ మొదలైంది. అత్తమ్మ ఎనిమిది, మామ తొమ్మిది. తొమ్మిదంటే ఆయన పట్టి తీరతారు. నా చేతిలో ఇస్పేటు ఆసు, రాజు, రాణి, ఇంకో మూడు చిన్నవి. పది పాడాలి, నోరు రావటం లేదు. ఏడుపొచ్చేస్తోంది. అప్పుడు చాప కింద నేల చిన్నగా పలికింది. టక్, టక్. మంచం వైపు చూస్తే మా ఆయన కాళ్ళు పైనే ఉన్నాయి. మామ కణుపు మాత్రం చాప అంచున ఉంది, ఆయన చూపు పత్తాల్లో ఉంది. 'ఓహో, నన్ను ముంచడానికా!' అని నాకు పౌరుషం పొడుచుకొచ్చింది.

"పది! ఇస్పేటు!"

తొమ్మిది పట్టాను. చివరి పత్తా మిగిలింది: ఆఠీను నాలుగు. ఆ బిక్కమొహం నాలుగును వేసి కళ్ళు మూసుకున్నాను. తెరిస్తే, అంతకు పెద్ద ఆఠీను గానీ, తురుపు గానీ ఎవరి దగ్గరా లేదు. పదో పట్టు నాది! మా ఆయన మంచం మీదనుంచి దూకాడు. అత్తమ్మ మామ మీద పడింది: "ఆఠీను రాజు నీ తాన్నే ఉండెగద, ముందుగాల్నే ఎందుకు పారేసినవయ్యా?"

మామ చెవి దగ్గర చెయ్యి పెట్టారు. "ఆఁ? ఏందీ?"

ఓడినవాళ్ళ ఏడుపులే అనుకుని నేను ఆ మాట పట్టించుకోలేదు. పెద్దాయన ఎత్తుకు పైఎత్తు వేశానని హాస్టల్లో పిల్లలకు ఏడాదంతా గొప్పలు చెప్పుకున్నాను. పంతులమ్మనై, నా మీద గెలవాలని తహతహలాడే పిల్లల చేతిలో కావాలని ఓడటం నేర్చుకున్నాక గానీ ఆ రాజు సంగతి నాకు అర్థం కాలేదు. మొన్న మామ దగ్గర కూర్చుని, ఎంత తెలివితక్కువదాన్నో ఆ రోజుల్లో అని నవ్వుకుంటూ, "నువ్వే గెలిపించినవ్ గద మామా?" అని అడిగాను. ఇప్పుడాయనకు చెవిలో మిషను ఉంది, గుసగుస కూడా వినపడుతుంది. ఆయన నా కళ్ళ ముందే ఆ మిషను తీసి జేబులో వేసుకున్నారు.