మామ్మకి కనపడని ముళ్ళు

నా చిన్నప్పుడు మా ఇంట్లో చేప లేని పూటంటూ ఉండేది కాదు. కొల్లేరులో లంక ఊరు మాది. నాన్న వల వేసేవాడు, అమ్మ పులుసు పెట్టేది, ఇంటికి ఉంచుకోగా మిగిలిన చేపలన్నీ ఏలూరు వెళ్ళేవి. అలాంటి ఇంట్లో పుట్టి, ఎనిమిదో ఏట నేను చేపని చూస్తేనే వణికిపోయేదాన్నంటే మా మనవలు ఇప్పటికీ నమ్మరు.

ఒకరోజు పరిగె చేపల పులుసు తింటుంటే గొంతులో ముల్లు గుచ్చుకుంది. మా వైపు దీనికి ఒకటే వైద్యం. ఉత్త అన్నం ముద్ద చేసి నమలకుండా మింగమంటారు. అమ్మ నా చేత అరడజను ముద్దలు మింగించి, పైన ఓ అరటిపండు కూడా తినిపించింది. ముల్లు ఆ పూటే దిగిపోయి ఉంటుంది. కానీ ఆ హడావుడిలో పక్కింటి బాబాయి, ఇలాగే ముల్లు అడ్డంపడి ఎవరో పోయారని నా ఎదురుగానే అన్నాడు. ఆ మాట మాత్రం నాకు దిగలేదు.

మర్నాటి నుంచి గొంతులో ఏదో అడ్డుగా ఉన్నట్టే ఉండేది. చెప్పడం ఆలస్యం, మళ్ళీ ముద్దలు. నమలకుండా మింగాలంటే భయం వేసేది, ఆ భయానికి గొంతు ఇంకా బిగుసుకుపోయేది. మా వాళ్ళు నా మంచికే చేశారు గానీ, ముద్దంటేనే హడలు పుట్టించారు. ముందు చేప మానేశాను, తర్వాత కూరలు, ఆఖరికి అన్నం. గంజి, మజ్జిగ మీద బతికాను. ఏలూరు తీసుకెళ్తే డాక్టరు గారు టార్చిలైటు వేసి చూసి, "గొంతులో ఏమీ లేదండీ" అన్నారు. ఇంటికొచ్చాక నాన్నా అదే అన్నాడు, అమ్మా అదే అంది, ఊరూ అదే అంది. అందరూ నిజమే చెప్పారు, నాకు మాత్రం మెతుకు దిగలేదు. రెండు నెలలకి గౌన్లు వదులైపోయాయి, జుట్టు రాలింది. బడిలో ప్రార్థనకి నిలబడి కళ్ళు తిరిగి పడిపోయాను. వేషాలేస్తున్నానన్న వాళ్ళే అప్పుడు భయపడ్డారు. నేను దక్కనేమోనని అమ్మ చాటుగా ఏడుస్తుంటే విన్నాను.

చింతలపూడిలో మా అత్త పురిటికి వెళ్ళిన మామ్మ, అంటే మా నాన్న తల్లి, అప్పుడే తిరిగొచ్చింది. నన్ను ఎగాదిగా చూసింది. మర్నాడు మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని నన్ను కేకేసింది.

"అమ్మాయ్, కళ్ళకి మసకలు కమ్ముతున్నాయే. ముళ్ళు కనపడట్లేదు. కాస్త తీసిపెడుదూ."

అన్ని రోజుల్లో తినమని కాకుండా ఇంకో పని చెప్పింది ఆవిడొక్కతే. కూర్చుని వేళ్ళతో ముళ్ళన్నీ ఏరాను. వాటికి నా అంత భయపడేవాళ్ళు ఆ ఇంట్లో లేరు గనుక, అంత శ్రద్ధగా ఏరేవాళ్ళూ లేరు. నాలుగు రోజులయ్యాక మామ్మ కొత్త పేచీ పెట్టింది. సన్న ముళ్ళు చేతికి దొరకవట, నాలుకకే తెలుస్తాయట, చిటికెడు నోట్లో వేసుకుని బాగా నమిలి చూసి చెప్పమంది. ఎంగిలవుతుందన్నాను.

"నీ ఎంగిలి నాకు ఎంగిలేంటే? చూసి ఉమ్మేసెయ్."

చూశాను, ఉమ్మేశాను. రెండో రోజూ అంతే. మూడో రోజు, ముల్లు లేదని చెప్పాక చూసుకుంటే నోట్లో ముక్కా లేదు. మామ్మ తలొంచుకుని తింటూనే ఉంది. చూశావా మింగేశావని అప్పుడు ఎవరైనా అని ఉంటే నా గొంతు మళ్ళీ మూసుకుపోయేదే. ఆవిడ అనలేదు, అమ్మనీ అననివ్వలేదు.

నెల తిరిగేసరికి ఆ కంచంలో సగం నేనే తినేదాన్ని. ఓ సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి మామ్మ అరుగు మీద చేట పెట్టుకుని, కళ్ళద్దాలైనా లేకుండా బియ్యంలో రాళ్ళు చకచకా ఏరుతోంది.

"మామ్మా! నీకు కనపడుతోందిగా!"

"రాళ్ళు కనపడతాయే. ముళ్ళే కనపడవు," అంది తలెత్తకుండా.

నాకు ఒళ్ళు మండింది, నవ్వూ వచ్చింది. ఆ పూట నా కంచంలో చేప నేనే వడ్డించుకున్నాను.

పెద్దయ్యాక ముప్ఫై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పాను. పరీక్ష రోజున కడుపునొప్పని మెలికలు తిరిగే పిల్లలు ఏటా ఉండేవారు. ఎక్కడమ్మా నొప్పి అని అడిగాను గానీ, ఏమీ లేదు పొమ్మని ఎవరినీ అనలేదు. మనసుకి పట్టిన భయం ఒంట్లో ఎంత నిజంగా నొప్పి పెడుతుందో నాకు తెలుసు.

చివరి రోజుల్లో మామ్మకి చూపు నిజంగానే పోయింది. నేను పక్కన కూర్చుని ముళ్ళు తీసి, ముద్ద కలిపి పెట్టేదాన్ని. ముళ్ళు చూశావా అని ఆవిడ ఒక్కనాడూ అడగలేదు. నా చెయ్యి దగ్గరికి రాగానే నోరు తెరిచేది. నేను పెట్టే ముద్దకి ఎవరైనా అంత నిబ్బరంగా నోరు తెరిచేలా బతకాలన్నదే ఇప్పటికీ నా తాపత్రయం.