అత్త గూట్లో అమ్మ కోడి

మా అమ్మ వన్ టౌన్‌లో మా ఇంటికి వచ్చిననాడు ఒక చేతిలో బట్టల మూట, ఇంకో చంకలో కోడిపెట్ట. బస్సులో కండక్టరు కోడికి కూడా టిక్కెట్టు కొడతానని బెదిరించాడట. ఆ మాట చెప్పి నవ్వుతూనే గుమ్మం ఎక్కింది. ఆ ఇంట్లో ఆమె మళ్ళీ అంతలా నవ్వడం నేను చూడలేదు.

అవి డెబ్బైల చివరి ఏళ్ళు. ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఊళ్ళు ఖాళీ అవుతున్నాయి, మా ఊరూ అందులో పోయింది. నాన్న అప్పటికే లేడు, అమ్మకి నేనొక్కదాన్నే. గాజువాక అవతల ఊరివాళ్ళకి ఇళ్ళ స్థలాలు చూపించారు గాని అక్కడ అప్పటికి రాళ్ళూ తుప్పలే. అమ్మ పాక వేసుకునే దాకా మా దగ్గర ఉండమని మా ఆయనే కబురు పెట్టారు. ఆయన పోర్టులో సరుకు మోసే కలాసీ. ఉన్న కోళ్ళన్నీ చుట్టాలకి పంచేసి, అమ్మ ఈ ఒక్కదాన్ని ఉంచుకుంది. తెల్లటి పెట్ట, రెక్కల అంచున కాస్త నలుపు. ఏ కాలంలోనూ గుడ్డుకి మోసం చెయ్యని కోడి.

దాన్ని ఎందుకు తెచ్చిందో మొదటిరోజే చెప్పేసింది. మా వాళ్ళలో కూతురి అత్తింట్లో తల్లి ఊరికే కూర్చుని తినడమంటే తల తీసేసినట్టే. అందుకని కాళ్ళు కడుక్కోకముందే మా అత్తతో అంది:

"ఒదినా, ఈ పెట్ట ఎట్టిన గుడ్లన్నీ నీకే. నాను తిన్న కూటికి అది. అలగయితేనే నీ ఇంట్లో సెయ్యి కడుగుతాను."

"నీ కూడెంతొదినా, పిట్ట తిన్నట్టు తింతావు" అని అత్త నవ్వింది గాని గుడ్లు వద్దనలేదు. వద్దనకపోవడమే అమ్మకి నచ్చింది. ఇద్దరి మధ్యా మాట కుదిరిపోయినట్టు తల ఊపి, అప్పుడు మూట దించింది.

అత్తకి పెరట్లో అరడజను పెట్టలు, ఒక పుంజు. ఇటుకలతో గూడు కట్టించి పైన రేకు వేయించింది. ఆ కోళ్ళలో బూడిదరంగు పెట్ట ఒకటుండేది. గింజలు చల్లితే ముందు అది ముట్టాలి, సందెవేళ గూట్లోకి ముందు అది ఎక్కాలి. పిల్లప్పుడు గద్ద తన్నుకుపోతుంటే అత్త రాయి విసిరి విడిపించి, పొయ్యి పక్కన వెచ్చగా పెట్టి బతికించిందట. పిలిస్తే వచ్చి ఒడిలో కూర్చునేది. నేను ఆ ఇంటికి కోడలిగా వెళ్ళిన కొత్తలో అత్త నాకంటే దాంతోనే ఎక్కువ మాట్లాడేది.

ఇంటికి ఏ ప్రాణి కొత్తగా వచ్చినా, మేకయినా కోడలయినా, పసుపు కుంకుమ పెట్టి లోపలికి తీసుకోవడం అత్తకి అలవాటు. ఆ రోజు ఆమె మంచికే చేసింది, అది కాదనకూడదు. కోడి కాళ్ళకి పసుపు రాసింది. నెత్తి మీదా మెడ మీదా తడి కుంకుమ దట్టంగా అద్దింది. పొయ్యి చుట్టూ తిప్పి తీసుకెళ్ళి పెరట్లో వదిలింది. తెల్ల ఈకల మీద ఆ కుంకుమ ఎంత దూరం నుంచయినా కనపడుతోంది.

కోళ్ళు ఎరుపు చూస్తే ఊరుకోవు. సాటి కోడికి చిన్న గాయమై నెత్తురు కనిపించినా అక్కడే పొడుస్తాయి. ఆ సంగతి అక్కడున్న ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు. అమ్మ కోళ్ళన్నీ ఊళ్ళో ఆమె ఇంట్లోనే గుడ్డులోంచి వచ్చి పెరిగినవి. కొత్తదాన్ని తెచ్చి కలిపే అవసరం ఆమెకి ఎన్నడూ పడలేదు. బూడిదరంగు పెట్ట తల పక్కకి వంచి చూసింది. నడుచుకుంటూ వచ్చి సరిగ్గా ఆ బొట్టు మీద పొడిచింది. దాని వెనకే మిగతావి. అమ్మ కోడి బట్టలుతికే బండ చాటుకి దూరితే అక్కడికీ వెళ్ళి పొడిచాయి. మేం చీపురుతో తరిమి విడిపించేసరికి మెడ మీద ఈకల్లేవు. ఏది కుంకుమో ఏది నెత్తురో తెలియలేదు.

"పల్లి కోడి కదేటి, టౌను కోళ్ళంటే బెదిరిపోనాది" అని అత్త సందులో ఆడవాళ్ళకి చెప్పింది. అందరూ నవ్వారు. అమ్మ కూడా వాళ్ళ మర్యాదకి నవ్వింది.

తర్వాత కూర్చుని కుంకుమంతా గోరువెచ్చని నీళ్ళతో కడిగింది. పెనం కింది మసి గీకి, ఆముదంలో రంగరించి, గాయం మీద ఎరుపు కనపడకుండా పూసింది. తెల్లకోడి కాస్తా నల్లకోడయింది. పెరటి మధ్య గంప బోర్లించి దాని కింద పెట్టింది. వెదురు గంప, అల్లిక సందుల్లోంచి ఒకదానికొకటి కనపడతాయి గాని ముక్కు లోపలికి పోదు. రోజూ చూసుకుంటూ ఉంటే అవే అలవాటు పడతాయని ఆమె ఆశ.

బెదిరిన కోడి గుడ్డు పెట్టదు. పెట్ట గుడ్డు మానేసిందని అమ్మ తన తిండి తగ్గించేసింది. పొద్దున గంజి తాగితే మధ్యాహ్నం అన్నం వద్దనేది. ఎప్పుడడిగినా ఆకలి లేదనేది. నేను బలవంతంగా వడ్డిస్తే కంచం పట్టుకుని పెరట్లోకి పోయి గంప పక్కన కూర్చునేది. నాలుగు మెతుకులు తను, నాలుగు మెతుకులు అల్లిక సందులోంచి కోడికి. అత్త ఒకనాడు అది చూసి, "ఏటొదినా, నా బియ్యం కోడికి మేపుతన్నావా" అంది. నవ్వుతూనే అంది. ఆ నవ్వు మీద ఎవరం ఏం మాట్లాడగలం?

మర్నాటి నుంచి అమ్మ మా ఇంటి మెతుకు ఒక్కటి కూడా కోడికి వెయ్యలేదు. మా సందు చివరన హోల్‌సేలు బియ్యం కొట్లుండేవి. లారీల మీంచి బస్తాలు దించాక రోడ్డు మీద నూకలు రాలేవి. అవి చీపురుపుల్లలతో పోగుచేసి, మట్టి చెరిగి, కొంగున కట్టుకొచ్చేది. ఒకప్పుడు ధాన్యం తనింటి వాకిట్లో ఎండబోసుకున్న మనిషి. మా ఆయనకి ఎవరో చెప్పారు కాబోలు, డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలోనే, "అత్తా, ఆ కొట్ల కాడికెల్లకు. మా కలాసీలు సూత్తే నన్నేటనుకుంతారు" అన్నారు. అమ్మ సరేనంది. ఆ తర్వాత జనం లేవకముందే వెళ్ళి వచ్చేసేది.

నాలుగైదు రోజులకోసారి గంప ఎత్తి చూసేది. ఎత్తడమే తరువాయి, బూడిదరంగు పెట్ట ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చేది. కొత్తకోడి మళ్ళీ గంప కిందికి. అలా చూసి చూసి అమ్మకి ఒకటి అర్థమైంది. నన్ను పిలిచి చూపించింది. "అన్నీ కాదమ్మీ, అదొక్కతే. అది మొదలెడితేనే మిగతావి వత్తన్నాయి. అది లేపోతే వీటికి పట్టదు."

ఆ వారమే అత్త తన చెల్లెలింట్లో పేరంటమని సబ్బవరం వెళ్ళింది. నాలుగు రోజులుండి వస్తానంది. ఆమె బస్సెక్కిన పూటే అమ్మ తన కోడిని బయటకి వదిలి, అత్త పెట్టని గంప కింద పెట్టింది.

అత్త చూస్తే ఇంకేమైనా ఉందా అన్నాను. వచ్చేలోగా వదిలేస్తానంది అమ్మ. నాలుగు రోజులు మందకి దూరమైతే దాని పెత్తనం సడలుతుందని, అది బయటికొచ్చేసరికి తన కోడికి ఒక చోటు కుదిరిపోయి ఉంటుందని చెప్పింది. గంపలో ఉన్నదానికి మాత్రం ఏ లోటూ చెయ్యలేదు. తను ఏరితెచ్చిన నూకల్లో మంచివన్నీ ముందు దానికే వేసేది. పైన తడిగోనె కప్పి ఎండ తగలనిచ్చేది కాదు.

ఆమె అనుకున్నట్టే జరిగింది. మొదటి పూట మిగతా పెట్టలు ఒకటి రెండుసార్లు ముక్కు విసిరి ఊరుకున్నాయి. రెండోనాటికి అన్నీ కలిసి పెంటకుప్ప కెలుకుతున్నాయి. సందెవేళ అమ్మ కోడి గూటి దగ్గర నిలబడి, అటూ ఇటూ చూసి, తనంతట తను ఎక్కింది. అమ్మ ఆ రాత్రి నేను పెట్టిన అన్నం వంక పెట్టకుండా తింది. మారడక్కపోయినా నేను వేసిన రెండో గరిటె వద్దనలేదు. అదే నాకు పండగలా ఉంది.

అత్త చెప్పినదానికంటే ఒక రోజు ముందే వచ్చేసింది. చెల్లెలు తోటలో కోసిచ్చిన పనసకాయ నెత్తిన పెట్టుకుని, పెరటి దారినే వచ్చింది. ఆమె గొంతు వినగానే బూడిదరంగు పెట్ట గంప కింద అరవడం మొదలెట్టింది. అత్త పనసకాయ కింద పెట్టి, గంప ఎత్తి, కోడిని ఒళ్ళోకి తీసుకుంది. రెక్కలు విప్పి చూసింది, కాళ్ళు చూసింది. దెబ్బ లేదు, నిజానికి కాస్త బరువెక్కింది కూడా. అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"నా ఇంట్లో నా పెట్టని గంప కిందెట్టీసినావా ఒదినా" అంది. అంతే.

అమ్మ ఎందుకలా చేసిందో చెప్పుకుంది, ఎంత బాగా చూసుకుందో చెప్పుకుంది. అత్త వినకుండా కోడిని ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి అమ్మతో నేరుగా మాట్లాడడం మానేసింది. అమ్మ ఎదురుగా ఉన్నా సరే, నీళ్ళు తోడమని మీ అమ్మకి చెప్పు, గుడ్డలారాయేమో చూడమని మీ అమ్మకి చెప్పు అని నాతోనే అనేది. అమ్మ ఆ మాట నా నోటి ద్వారా వచ్చేదాకా ఆగి అప్పుడు లేచేది.

కోళ్ళకి మాత్రం ఏ పట్టింపూ లేకపోయింది. బూడిదరంగు పెట్ట వచ్చి తెల్లదాన్ని ఒకసారి పొడిచింది. అది పక్కకి జరిగింది గాని పారిపోలేదు. దాంతో వాటి తగవు తీరిపోయింది. వారం తిరక్కుండా రెండూ గూట్లో పక్కపక్కన సర్దుకుని కూర్చునేవి.

ఒకనాడు పొద్దున్నే అమ్మ కోడి గుడ్లబుట్ట ఎక్కింది. అది దిగేదాకా అమ్మ అక్కడే గొంతుకూర్చుంది. దిగగానే గుడ్డు తీసి, కొంగుతో తుడిచి, వెచ్చదనం పోకముందే వంటింట్లోకి తెచ్చింది. మా ఆయన డ్యూటీకి వెళ్ళే తొందరలో చద్దన్నం తింటున్నారు. అత్త పొయ్యి దగ్గరుంది.

"ఒదినా, ఎట్టింది" అని అమ్మ అరచేయి చాపింది.

అత్త అటు చూడకుండానే, చాలా రోజుల తర్వాత నేరుగా అమ్మతోనే మాట్లాడింది. "ఏటి ఎట్టింది? నా గూట్లో తొంగుంది, నా పుంజుతో తిరిగింది, నా బుట్టలో ఎట్టింది. ఇంకా నీ పెట్టేటొదినా అది? నాది తెచ్చి నాకే ఇత్తన్నావా?"

అమ్మ చెయ్యి చాపే ఉంది. నాకు ఉండబట్టలేదు. "అత్తా, ఆ కోడిని మాయమ్మ తెచ్చింది" అన్నాను.

అత్త ఇటు తిరిగి నన్ను తీరుబడిగా చూసింది. "నిన్నూ మీయమ్మే తెచ్చింది కదే. మరిప్పుడు నువ్వెవరి దానివి?"

మా ఆయన తల ఎత్తలేదు. మంచినీళ్ళు కావాలన్నారు. నేను గ్లాసు అందించాను. అమ్మ ఆ గుడ్డు తీసుకెళ్ళి, మిగతా గుడ్లున్న తట్టలో, వాటి మధ్యనే పెట్టేసి బయటికి వెళ్ళింది. మేం వంట కానిచ్చి పిలిచినా ఆ పూట రాలేదు. ఆ సాయంత్రమూ తినలేదు.

మర్నాడు మూట కట్టుకుంది. పాక లేకపోతే ఏం, ఊరివాళ్ళు ఇద్దరు ముగ్గురు అప్పటికే తాటాకులు కప్పుకున్నారు, వాళ్ళ చూరు కింద తొంగుంటానంది. మా అత్త వాకిట్లో బియ్యం ఏరుకుంటూ ఉండమనలేదు, వెళ్ళమనలేదు. అమ్మ పెరట్లోకి వెళ్ళి నాలుకతో టొక్కుటొక్కుమని పిలిచింది. కోళ్ళన్నీ పరుగెత్తుకొచ్చాయి, ఆమెదీ వాటి మధ్యలోనే వచ్చింది. అమ్మ వంగి చేతులు చాపితే అది వెనక్కి తగ్గి బూడిదరంగు పెట్ట చాటుకి పోయింది. ఇంకోసారి పిలిచింది. మళ్ళీ అంతే. తరిమి పట్టుకోవచ్చు, పెరడు ఎంతని. పట్టుకోలేదు. కొంగున మిగిలిన నూకలు అన్నిటికీ కలిపి చల్లేసి, మూట తీసుకుంది. బస్సు దాకా వెళ్తూ నేను ఆ కోడిని తిట్టాను. "దాన్నేల తిడతావు, దాన్ని కలపాలనే కదేటి నాను అంత సేసింది" అంది.

తర్వాత మా అత్త దాన్ని మా తెల్లపెట్ట, మా తెల్లపెట్ట అని సందులో మురిసిపోతూ చెప్పేది. అది వరసగా గుడ్లు పెట్టింది. మా ఆయనకి అట్టు పోసేటప్పుడు ఆ గుడ్డు నేనే కొట్టి వేసేదాన్ని.

అమ్మ మళ్ళీ మా ఇంటికి వచ్చింది నా మొదటి కాన్పుకే. నాకు పుట్టింటి వైపు ఇంకెవరూ లేరు, తన పాకలో పురుడు పోసే వీలూ లేదు గనక వచ్చింది. చిన్న గోనెసంచిలో బియ్యం, ఒక మట్టి దాక, ఉప్పూ చింతపండూ తనవి తను తెచ్చుకుంది. నాకు పథ్యం వంటింట్లోనే వండిపెట్టి, తన కూడు మాత్రం పెరట్లో మూడు రాళ్ళు పెట్టుకుని వండుకుంది. బియ్యం కడుగుతుంటే కోళ్ళు మూగాయి. తెల్లపెట్ట ఆమె కాళ్ళ దగ్గరికే వచ్చింది. దాన్నీ మిగతావాటిలాగే హుష్‌మని తోలింది.

అత్త గుమ్మంలో నిలబడి చూసి చూసి, "ఏటొదినా, మా ఇంట్లో బియ్యం లేవనుకున్నావా" అంది.

"ఉన్నాయొదినా. నా కాడే గుడ్లు లేవు" అని అమ్మ పొయ్యిలో పుల్ల ఎగదోసుకుంది.