చెల్లెలి క్యాలిపర్ బద్ద

నా చెల్లెలి కాలి ఊతను వనపర్తిలో ఒక కాలేజీ వర్క్‌షాపు వాళ్లు ఏడాది పాటు మూలన పడేశారు. ఆమె పోలియో కాలికి కట్టుకునే క్యాలిపర్‌లో అల్యూమినియం బద్ద పగిలింది. వెల్డింగ్ చేయిస్తే అతుకు పక్కనే మళ్లీ విరిగింది. కరిగించకుండా, గిర్రున తిరిగే ఉక్కు మొనను దించి, రాపిడికి మెత్తబడ్డ లోహాన్ని కలియదిప్పితే పగులు పూడి గట్టిపడుతుందని నేను ఆత్మకూరు నెట్ సెంటర్లో కాగితాలు తీయించుకొని చదివాను. ఆ పనికొచ్చే మిషన్ ఆ కాలేజీ వాళ్ల దగ్గరే ఉంది. వచ్చే వారమంటూ తిప్పారు.

గోడ పట్టుకొని నడుస్తూ చెల్లె, “అన్నా, నువ్వు సదివిన కాగితాలే ఇయ్యి, కాలికి కట్టుకుంట” అనేది. వానాకాలంలో తడి వాకిట్లో జారిపడింది. మళ్లీ లేవలేదు.

దినాలయ్యాక బద్ద కోసం వెళ్లాను. అక్కడి సారు అన్నాడు: “ఆమె పోయిందంట గద పెద్దాయనా, ఇంక దాంతోని నీకేం పని?”