ట్యాంకు బయట నిలబడే మనిషి

నాకు నోటిదూల ఎక్కువ. మా ఇంట్లో అందరూ ఎప్పుడో ఒప్పుకున్న సంగతే. అందుకే టెల్కో కాలనీ బస్టాపులో నా స్నేహితురాలు చొక్కా చేతులు ఇంకా కిందికి లాక్కుని, "నాకు నేనే గాయాలు చేసుకుంటన్నానే. ఎవరికీ చెప్పకు," అన్నప్పుడు నేను ఒక్క క్షణం ఊరుకోలేదు. యోగా అన్నాను, బాదం పప్పులన్నాను, పైడితల్లమ్మకు మొక్కుకుందామన్నాను. చివరికి దానికంటే ముందు నేనే ఏడ్చేశాను. నా ముక్కు అదే తుడిచింది.

"పాగల్ హై క్యా? నువ్వూ లోపలికి దూకేత్తావేటి? బయట నిల్చో, చాలు," అంది.

ఆ మాట మా ఇద్దరి ఇళ్లలోనూ రోజూ వినేదే. మా నాన్నలిద్దరూ గమ్హరియా ఫ్యాక్టరీల్లో ట్యాంకులు కడిగే కాంట్రాక్టు పని చేస్తారు. లోపల విషవాయువుకి ఎప్పుడు పడిపోతారో తెలీదు కాబట్టి, ఒకరు దిగితే ఇంకొకరు మూత దగ్గరే నిలబడాలి. తనూ దిగకూడదు, టీకి పోకూడదు. మాటిమాటికీ "ఉన్నావా?" అని అడగాలి. లోపలి మనిషి "ఉన్నా" అనాలి.

సరే, నిలబడ్డాను. క్లాసులో, బస్సులో, గోల్‌గప్పా బండి దగ్గర "ఉన్నావా?" అంటూ దాని ప్రాణం తోడేశాను. నోటి నిండా గోల్‌గప్పాతో "ఉమ్నా" అనేది. గాయాలు చూపించమనలేదు. ఎందుకని గుచ్చి గుచ్చి అడగలేదు. చెప్పినంత విన్నాను. అది నాకెంత కష్టమో మా అమ్మనడగండి.

ఒకరోజు బస్సులో "ఉన్నావా?" అంటే కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది. మళ్లీ అడిగినా పలకలేదు. నిజంగా భయమేసింది.

"ఇంక మీ అమ్మకి చెప్పాల్సిందే," అన్నాను.

"ఎవరికీ చెప్పొద్దన్నాను కదే!"

"లోపలోడు పలక్కపోతే బయటోడు కేకెయ్యాల. ఈ రూలు తెచ్చింది నువ్వే. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

నన్ను కొరికేసేలా చూసింది. అయినా తనతోపాటు నన్నూ వాళ్ల స్టాపులో దింపింది. ఇంటికెళ్లగానే వాళ్లమ్మ ఉన్న వంటింట్లోకి దూరి తలుపు వేసుకుంది. నేను బయట నిలబడ్డాను. కాసేపటికి వాళ్లమ్మ ఏడుపు వినిపించింది. దీని గొంతు మాత్రం లేదు. ఇంక నా వల్ల కాలేదు.

"ఉన్నావా?" అని అరిచాను.

"ఉన్నా," అంది లోపల్నుంచి. "రేపు డాక్టరు కాడికి ముగ్గురం ఎల్దామంటంది అమ్మ. టీ పెడతంది, నువ్వూ లోపలికి రా. ముందు ముక్కు తుడుచుకో."